ఇంజనులో పోయు శుద్ధిమందులు

వానకారు దుక్కులకు ముందు ట్రాక్టరును, కారును మరమ్మతు చేయించుకొను దినములలో వరంగల్లు, నర్సంపేట, పరకాల మొదలగు చోట్ల స్పేరుపార్టుల దుకాణములయందు చిన్న చిన్న సీసాలు కొన్ని కానవచ్చును. వానిలోని మందును డీజిలులోనో పెట్రోలులోనో పోసినచో ఇంజనులోని మసి యంతయు కడుగుకొని పోవుననియు, మైలేజి పెరుగుననియు, పొగ తగ్గుననియు పైన వ్రాసి యుండును. ఇవి కొనదగినవా కావా యని సభ్యులు పలువురు మమ్ము అడుగుచున్నారు. దీనికి ఔననియో కాదనియో యొక్కమాటలో చెప్పుటకు వీలులేదు. సీసాలో నున్న పదార్థ మేది, ఇంజనులో నున్న దోష మేది యను రెండును తెలిసిననే గాని జవాబు చెప్పరాదు. పశువునకు వచ్చిన జబ్బేదో తెలియక గొట్టముతో మందు పోయుట యెట్టిదో యిదియు నట్టిదే.

ముందుగా ఇంధనము నడచు త్రోవను చూతము. డీజిలు ట్యాంకునుండి బయలుదేరి, నీటిని వేరుచేయు గిన్నెను, ఒకటి రెండు ఫిల్టరులను దాటి, ఇంజెక్షను పంపును చేరును. పంపు దానిని మిక్కిలి వత్తిడితో నాజిలునకు పంపగా, నాజిలు మొనయందలి సన్నని రంధ్రములగుండ అది తుంపరగా సిలిండరులోనికి చిమ్మబడును. మనము పంపుతో పురుగుమందు చల్లునప్పుడు నాజిలు బాగున్నచో తుంపర సమముగా పడుటయు, నలక యడ్డుపడినచో ఒక ప్రక్క ధారగా కారుటయు ఎరుగుదుము గదా. ఇంజనులోను సరిగా నట్లే జరుగును. తుంపర చెడినచో డీజిలు పూర్తిగా కాలదు; నల్లపొగ వచ్చును; బలము తగ్గును; డీజిలు ఖర్చు హెచ్చును. ఈ రంధ్రముల వెడల్పు మిల్లీమీటరులో పదవ వంతు మొదలు మూడు పదవ వంతుల వరకు మాత్రమే. పాతరకపు ట్రాక్టరులో నాజిలు దాదాపు 200 బారుల వత్తిడికి తెరచుకొనును. కారు టైరులో మనము పట్టించు గాలి వత్తిడి రెండు బారులకు కొంచెము మించును. అనగా నాజిలులోనిది దానికి నూరురెట్లకు దగ్గర. కామన్ రైలు అను క్రొత్త పద్ధతి గల బండ్లలో నీ వత్తిడి 1,600 మొదలు 2,000 బారుల దాకను, కొన్నింట నంతకు మించియు నుండును. 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరులకు క్రొత్త పొగ నిబంధనలు వర్తించినందున ఈ పద్ధతి పొలములోనికిని వచ్చినది. వీని ఇంజెక్టరులలో ఒకదానిలో నొకటి కదలు ఉక్కు భాగముల నడుమ సందు వెండ్రుక మందములో ఇరువదవ వంతు మాత్రమే. అట్టి సందులో ఇసుకరేణువు పడినచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

పెట్రోలు కార్లలో చాలవాటియందు ఇంజెక్టరు గాలిగొట్టములో, కవాటమునకు వెనుక చిమ్మును. కొన్ని క్రొత్త కార్లలో మాత్రము నేరుగా సిలిండరులోనికే చిమ్మును. ఈ భేదమును జ్ఞాపక ముంచుకొనవలెను.

ఇక మసి యెట్లు చేరును? పెట్రోలు నెలల తరబడి నిలువయున్నచో గాలిలోని ప్రాణవాయువు తగిలి దానిలోని కొన్ని భాగములు తుమ్మజిగురువలె చిక్కబడును. ఇదియొక రకము. రెండవది వేడివలన పుట్టునది. ఇంజను ఆపిన పిదప నాజిలు మొన కొంతసేపు సలసల కాగుచునే యుండును. అప్పుడు దానిపై మిగిలిన చుక్కలలోని తేలికభాగము ఆవిరియై పోగా బరువుభాగము అంటుకొని మాడి పెచ్చుగట్టును. పాలు కాచిన గిన్నె అడుగంటుట వంటిదే యిది. దినమున పదిమారులు కొద్దిదూరము నడిపి ఆపుచుండు బండిలో నీ పెచ్చు త్వరగా పేరుకొనును. ఊరినుండి మండలమునకును, మండలమునుండి ఊరికిని మాత్రమే తిరుగు కార్లు ఇట్టివే.

ఈ జిగురును, పెచ్చును వదలించుటకే శుద్ధిమందులు పుట్టినవి. అవి పనిచేయు రీతి కుంకుడుకాయ పనిచేయు రీతికి దగ్గరగా నుండును. కుంకుడు రసములోని పదార్థమున కొక కొన జిడ్డును పట్టుకొనును, మరియొక కొన నీటిని పట్టుకొనును. కావున జిడ్డు నీటిలో కలిసి పోవును. ఇంజను మందులో నొక కొన మసిని అంటుకొనును, పొడవైన తోక పెట్రోలులోనో డీజిలులోనో కరగియుండును. మసి కొంచెము కొంచెముగా లేచి ఇంధనముతో పోయి కాలిపోవును. పెట్రోలునకు వాడువానిలో పాలీ ఈథర్ ఎమీన్, పాలీ ఐసోబ్యుటీన్ ఎమీన్ అనునవి ముఖ్యమైనవి. మొదటిది సిలిండరులోని వేడికిని కొంత తట్టుకొని అచ్చటి మసిమీద గూడ పనిచేయును. రెండవది కవాటములమీద బాగుగా పనిచేయును గాని మోతాదు మించినచో సిలిండరులోపల తానే కొంత మసిని చేర్చును. డీజిలునకు సక్సినిమైడ్ జాతి మందులు వాడుదురు. ఇవి మోసపు సరకులని తీసివేయరాదు. అమెరికా దేశమున 1995 నుండి కార్ల పెట్రోలునందు శుద్ధిమందు కొంతయైనను కలిపియే అమ్మవలెనని ప్రభుత్వము నిర్బంధించినది. మన దేశమునను నూనె కంపెనీలు హెచ్చు ధరకు అమ్ము ప్రత్యేకపు పెట్రోలులో ఇట్టివి ముందే కలిసియుండును. అట్టి పెట్రోలు ఎల్లప్పుడు పోయించువాడు పైన మరల సీసా కొనుట చేనికి ఒకే ఎరువును రెండుమారులు వేయుట వంటిది.

అయితే దుకాణములోని సీసా లన్నియు శుద్ధిమందులు కావు. కొన్ని ఆక్టేను పెంచునవి. అవి ఇంజను టకటక కొట్టుకొనుటను ఆపును గాని మసిని కడుగవు. కొన్ని డీజిలు త్వరగా అంటుకొనుటకు సిటేను పెంచునవి. కొన్ని నీటిని తీసివేయుననబడునవి. వీనిలో చాలవరకు నుండునది ఒక విధమైన ఆల్కహాలు. మరికొన్నింటిలో కిరోసిను వంటి ద్రావకమే ముప్పాతిక భాగము. లోపల నున్న పదార్థము పేరు, ఎన్ని లీటరులకు ఎంత పోయవలెనను లెక్క, పెట్రోలుకా డీజిలుకా యను మాట, తయారుచేసిన వారి చిరునామా, ఈ నాలుగును లేని సీసాను ముట్టుకొనకుండుటయే మేలు. 1996లో తమిళనాట ఒకడు మూలికలతో పెట్రోలు చేసెదనని దేశమునంతటిని నమ్మించెను. తుదకు 2016లో చెన్నై న్యాయస్థానము వానికి శిక్ష విధించెను. పేరు చెప్పని ద్రవమును నమ్ము అలవాటు మనకు క్రొత్త కాదు.

మంచిమందే దొరకినదనుకొందము. అది చేయలేని పనులేవి? అరిగిన నాజిలును అది పూడ్చదు. మూలిగిన పంపును లేపదు. నీలిపొగ వచ్చుచున్నదన్న పిస్టను రింగులో కవాటపు సీళ్లో చెడి ఇంజను ఆయిలు కాలుచున్నదని యర్థము. దానికి సీసా మందు లేదు. తెల్లపొగకు చల్లదనము, నీరు, పంపు టైమింగు తప్పుట మొదలగు కారణములుండును. నల్లపొగకు నాజిలు కారణము కావచ్చును గాని, మన పల్లెలలో మేము చూచినంతవరకు ముందుగా అనుమానింపదగినది గాలి ఫిల్టరు. వరికోతలప్పుడు, నూర్పిళ్లప్పుడు లేచు దుమ్ములో పది గంటలు పనిచేసిన ట్రాక్టరు ముక్కు బిగిసిపోవును. గాలి తక్కువైనచో ఎంత మంచి డీజిలైనను మసియే చిమ్మును. ఇక నేరుగా సిలిండరులోనికి పెట్రోలు చిమ్ము కార్ల మాట పైన చెప్పితిమి. వానిలో పెట్రోలు కవాటముల వెనుకభాగమును తాకనే తాకదు. కావున ట్యాంకులో పోసిన మందు ఆ కవాటములమీది మసిని ఎన్నటికిని కడుగజాలదు. విప్పి చేతితో శుభ్రము చేయింపవలసినదే.

అన్నిటికంటె పెద్ద శత్రువు నీరు. దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. పొలము పనులు ముమ్మరముగా నున్నప్పుడు రైతులు బంకునుండి డ్రమ్ములలో డీజిలు తెచ్చి కొట్టములో పెట్టుకొందురు. డ్రమ్మును నిలువుగా బయట నుంచినచో పైమూతచుట్టు వాననీరు నిలిచి, పగటి వేడికి డ్రమ్ము ఉబ్బి రాత్రి చల్లబడి ముడుచుకొనునప్పుడు మరసందులనుండి లోనికి పీల్చబడును. పుష్య మాఘములలో సగము ఖాళీయైన ట్యాంకు లోపలి గోడలకు తెల్లవారుజామున చెమ్మ పట్టి చుక్కలుగా జారును. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగున చేరును. ఆ నీటికిని డీజిలుకును నడుమ బూజు, సూక్ష్మజీవులు పెరిగి నల్లని చీమిడివంటి పదార్థము తయారగును. ట్యాంకులో నిది కనబడినచో చాలమంది మసి యనుకొని శుద్ధిమందు పోయుదురు. అప్పుడేమగును? మందు ఆ చీమిడిని కదలించి ముక్కలుచేసి ఫిల్టరుమీదికి తెచ్చును. కొన్ని మందులు నీటిని సన్నని బిందువులుగా విడగొట్టి ఫిల్టరును గూడ దాటించును. అడుగున ఊరకున్న శత్రువును చేతులార పంపులోనికి పంపినట్లగును.

వర్ధన్నపేట ప్రాంతమున మేమొక ట్రాక్టరును చూచితిమి. క్రొత్తది, కామన్ రైలుది. నాట్లకు దమ్ముచేయుచుండగా బలము తగ్గి ఆగి ఆగి నడచుచుండెను. యజమాని రెండు దినములలో రెండు సీసాలు పోసెను. మూడవదినమున బండి పూర్తిగా నిలిచెను. గిన్నె విప్పి చూడగా సగము నీరే. డ్రమ్ము అడుగున తుప్పుతో కూడిన నీరు నాలుగు వ్రేళ్లు నిలిచియుండెను. పంపును, ఇంజెక్టరులను హైదరాబాదు పంపి బాగుచేయించువరకు నారు ముదిరిపోయెను. కిరాయి ట్రాక్టరుకై ఊరంతయు తిరుగవలసివచ్చెను. సీసాకు పెట్టిన సొమ్ము పోయినదని యతడు విచారింపలేదు. మొదటిదినముననే గిన్నె అడుగుమరను రెండు నిమిషములు విప్పినచో సరిపోయెడిదని విచారించెను.

కావున డ్రమ్మును నీడన, కొంచెము వాలుగా పరుండబెట్టవలెను. తెచ్చిన దినముననే వాడక ఒక రాత్రియు పగలును కదలింపక యుంచినచో మడ్డియు నీరును అడుగునకు దిగును. తోడుగొట్టమును అడుగునకు తగులనీయక నాలుగంగుళములు ఎత్తున నుంచవలెను. జింకు పూత గల ఇనుప పాత్ర డీజిలునకు తగదు. జింకు డీజిలుతో కలిసి సబ్బువంటి జిగురును పుట్టించి ఫిల్టరును మూయును. పురుగుమందు డబ్బాలలో డీజిలు తెచ్చుకొను అలవాటు మరియు చెడ్డది. సాయంకాలము పని ముగిసిన వెంటనే ట్యాంకు నింపినచో రాత్రి చెమ్మపట్టుటకు చోటుండదు. ఉదయమున ఇంజను త్రిప్పుటకు ముందు గిన్నె అడుగుమర విప్పి నీటిని కారనిచ్చి శుద్ధమైన డీజిలు వచ్చినతోడనే బిగింపవలెను. ఇంత చేసినవాని నాజిలులకు మందు అవసరము చాల అరుదుగా కలుగును.

పెట్రోలునకు నీటి కథ వేరు. 2023 ఫిబ్రవరిలో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలును దేశమున ప్రవేశపెట్టిరి. 2025 నాటికది బంకులన్నిట వ్యాపించినది. ఇథనాలు చెరకునుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీయబడుచున్నది. మనము మార్కెట్టున అమ్మిన మొక్కజొన్నయే బండి ట్యాంకులో పోసికొని యింటికి వచ్చుచున్నాము. లీటరు ఇథనాలులో లీటరు పెట్రోలులోని శక్తిలో రెండు మూడవ వంతులే యున్నవి గనుక, మైలేజి కొంత తగ్గుట మసివలన గాక ఇంధన గుణమువలననే కావచ్చును. ఏ మందును ఆ లోటును తీర్చజాలదు. ఇథనాలు కొద్దినీటిని తనలో కలుపుకొనును. మితి మించినచో నీటితో కూడ పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. అట్లయిన పెట్రోలును పారబోయవలసినదే గాని మందు పోసి మరల కలుపవచ్చునను మాట నమ్మరాదు. నీటిని తీయు మందులలో నుండునదే ఆల్కహాలు. ఐదవ వంతు ఆల్కహాలున్న పెట్రోలులో మరికొంత ఆల్కహాలు పోసి లాభమేమి? పాత బండ్ల ట్యాంకులలో ఏండ్ల తరబడి అంటుకొనియున్న జిగురును ఇథనాలు తానే కడిగి ఫిల్టరునకు తెచ్చును. అట్టి బండిని నడుపువారు పెట్రోలు ఫిల్టరును ఒకమారు మార్చించుకొనవలెను. 2023 ఏప్రిలునకు ముందు తయారైన బండి యైనచో రబ్బరు గొట్టములను గూడ చూపించుకొనుట మంచిది.

బంకులో సందేహము కలిగినచో అడుగుటకు సంకోచింపరాదు. వడపోత కాగితముమీద ఒక చుక్క పెట్రోలు వేసి చూపుమని అడుగు హక్కు ప్రతివానికిని కలదు. మంచి పెట్రోలు రెండు నిమిషములలో మరక లేక ఎగిరిపోవును. కిరోసిను కలిసినచో మరక నిలుచును. ఈ పరీక్ష డీజిలునకు పనికిరాదు.

ఇక్కడ రైతులు ప్రత్యేకముగా ఎరుగవలసిన విషయ మొకటి. క్రొత్త లారీలకును, కొన్ని పెద్ద డీజిలు కార్లకును నీలిమూత గల వేరొక ట్యాంకుండును. దానిలో పోయునది నూటికి 32.5 పాళ్లు యూరియా కరగిన శుద్ధజలము. ఇది పొగగొట్టములోని విషవాయువులను తగ్గించుటకే గాని ఇంజనులోనికి పోవునది కాదు. దీనిని శుద్ధిమందని భ్రమించి డీజిలు ట్యాంకులో పోసినచో పంపు మొదలు ఇంజెక్టరుల దాక నాశనమగును. అట్లు పోసినచో తాళముచెవి త్రిప్పకయే మెకానిక్కును పిలువవలెను. ఇంటిలోని ఎరువు బస్తానుండి ఈ ద్రవమును తయారుచేసికొందమన్న ఆలోచనయు కూడదు. 2015 నుండి మనకు వచ్చు యూరియా అంతయు వేపనూనె పూసినది. ఆ నూనెయు, ఎరువులోని ఇతర కల్మషములును ఆ సామగ్రిని పాడుచేయును.

నాఫ్తలీను ఉండలను పెట్రోలులో వేసినచో బండి పరుగెత్తునని చెప్పువారు ఇంకను కలరు. ఆ ఉండ కరగునుగాని, పెట్రోలు ఆవిరియైనచోట మరల పలుకులుగా మారి సన్నని జెట్టును మూయును. డీజిలులో కిరోసిను కలుపుట పంపును అరగదీయును, ఏలయనగా పంపులోని భాగములకు డీజిలే కందెన. 1900లో పారిసు ప్రదర్శనయందు డీజిలు ఇంజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడిపిరన్నమాట నిజమే. అంతమాత్రమున గానుగనూనెను ట్యాంకులో పోయదగదు. పచ్చినూనె చిక్కనిది, నాజిలు మొనమీద దట్టముగా మాడును. ఇనుము, మాంగనీసు వంటి లోహములు కలిసిన మందులను క్రొత్త కార్లలో వాడరాదు. కాలిన పిదప వాని బూడిద పొగగొట్టములోని శుద్ధియంత్రమును మూయును. లోహపు మందు నమ్మి లోకమొకమారు నష్టపోయినది. 1921లో అమెరికాలో టామస్ మిజ్లీ కనుగొన్న సీసపు మందును దశాబ్దములు పెట్రోలులో కలిపిరి. పిల్లల రక్తములో సీసము చేరుచున్నదని తెలిసి మెల్లమెల్లగా మానిరి. మన దేశమున 2000లో ఆగినది. 2021లో అల్జీరియా మానుటతో లోకమున కార్ల పెట్రోలునుండి తొలగినది.

మందు వాడి చూడదలచినవారు దానిని పొలములో క్రొత్త ఎరువును చూచినట్లు చూడవలెను. ఎరువు గుణము తెలియుటకు ప్రక్కమడిని ఎరువు వేయక విడుతుము గదా. కారు ట్యాంకును మూతిదాక నింపి, కిలోమీటరులు వ్రాసికొని, మరల మూతిదాక నింపినప్పుడు పట్టిన లీటరులతో భాగింపవలెను. మందు లేక మూడు ట్యాంకులు, మందుతో ఒకటి, పిదప మందు లేక మరి మూడు ట్యాంకులు, ఒకే త్రోవలో, ఒకే బరువుతో నడిపి లెక్క వ్రాయవలెను. ట్రాక్టరునకైనచో గంటల మీటరును, ఒకే పనిని తీసికొనవలెను. మందు పోసిన దినముననే గాలి ఫిల్టరు మార్చి, ఆయిలు మార్చి, టైరులలో గాలి పట్టించి, బండి తేలికైనదనువాని సాక్ష్యము చెల్లదు. ఏది మేలుచేసినదో యెవరు చెప్పగలరు?

మోతాదు సీసాపై వ్రాసినదే. లీటరునకు 5 మిల్లీలీటరులని యున్నచో 60 లీటరుల ట్యాంకునకు 300 మిల్లీలీటరులు. ట్యాంకులో 20 లీటరులే యున్నప్పుడు సీసా యంతయు కుమ్మరించుట మూడురెట్లు పోసినట్లు. ముందు మందు పోసి తరువాత ఇంధనము నింపినచో బాగుగా కలియును. ఆ ట్యాంకును ఊరిలో గాక దూరప్రయాణమున ఖర్చుచేయవలెను. వేడెక్కి సాగిన ఇంజనులోనే మందు పని చేయును. కాలక మిగిలిన మందు కొంత ఇంజను ఆయిలులోనికి దిగును గనుక, ఆయిలు మార్చు గడువునకు కొద్దిగా ముందు వాడుట యుక్తము. వాడిన పిదప ఫిల్టరును తప్పక చూడవలెను. గ్యారంటీ గడువులో నున్న బండికి, దానితో వచ్చిన పుస్తకమున నేమి వ్రాసియున్నదో చదివిన తరువాతనే పోయవలెను.

పెట్రోలుతో నడచు వీపుస్ప్రేయరులు గలవారికి సీసాకంటె సులువైన ఉపాయము కలదు. మిరప, పత్తి పైరులకు మందుకొట్టుట ముగిసి యంత్రమును అటకమీద పెట్టునప్పుడు, ట్యాంకులోని పెట్రోలు నంతయు తీసివేసి, కార్బురేటరులో మిగిలినది కాలిపోయి ఇంజను దానంతట నది ఆగువరకు నడుపవలెను. మరల వానకారులో క్రొత్త పెట్రోలు, క్రొత్త ఆయిలు కలిపి పోయవలెను. అట్లు చేయక పాత పెట్రోలుతోనే అటకెక్కించిన యంత్రమును విప్పి చూచినచో జెట్టులో తేనెరంగు జిగురు కనబడును. దానిని మెకానిక్కు సన్నని బ్రష్షుతోను, కార్బురేటరు కడుగు ద్రావకముతోను తీయవలసినదే.